అత్తకు మంచం దొరికిన క్రిస్మస్

ఆ యేడు మా అత్త హన్నమ్మ క్రిస్మస్ పాట ఎత్తనన్నది.

వేరే ఎవలన్న ఎత్తనంటే పోనీ తియ్ అనుకుందురు. మా అత్త ఎత్తనంటే ఊరంత పరేషాన్. కంగ్టి దిక్కు మా పల్లెల చర్చి అంటే ఏముంటది? నాలుగు రేకులు, ఒక గంట, మా అత్త గొంతు. పాస్టరు ఐతారం ఐతారం కల్హేర్ నుంచి బండి మీద వచ్చి వాక్యం చెప్పి పోతడు. పాట ఎత్తేది మాత్రం మా అత్తనే. ఆమె సొంతంగ కట్టిన పాట ఒకటుండె. పుస్తకాలల్ల లేదది, మా ఊర్లెనే ఉన్నది. "చలిపొద్దుల పుట్టినోడే" అని కింద మొదలువెట్టి, "చేతులార ఎత్తుకోండ్రే" అని ఒక్కసారే మీదికి పోతది. ఆ మీదికి పోయే కాడ రేకులు అదురుతుండె. నేను కోడలిగ వచ్చిన యేడు ఆ పాట ఇని, ఇంత గొంతున్న అత్తతోని ఎట్ల ఏగుతనో దేవుడా అని బుగులు పడ్డ.

అది రెండువేల తొమ్మిది. పత్తి పగులుతున్న దినాలు. పాటలు నేర్చుకునేతందుకు అందరు చాపల మీద కూసున్నరు. "హన్నమ్మా, ఎత్తు" అన్నరు. ఆమె ఎనుక గోడకు ఆనుకొని, "ఈ యేడు నాతోని కాదు. పిల్లలెవలన్న ఎత్తుండ్రి" అన్నది.

ఇంటికొచ్చినంక మా మామ లాజరు ఒకటే నవ్వుడు. "పోరగాళ్లు కీబోర్డు తెచ్చిండ్రని అలిగింది మీ అత్త. పాస్టరొచ్చి బతిమాలితే గానీ ఎత్తది చూడు" అన్నడు.

"అవు, అలిగిన. నీకేమన్న తిప్పలా?" అన్నది అత్త.

నెహెమ్యా, అంటే నా మొగుడు, రొట్టె తినుకుంట తల గూడ ఎత్తలే. "అలిగితే అలిగింది. రొట్టెలైతే చేసింది గద" అన్నడు.

నాకు మాత్రం అది అలక అనిపియ్యలే. అలిగినామె ఎనుక గోడకాడ ఎందుకు కూసుంటది? ముందటికొచ్చి కూసొని, అందరికి కనబడేటట్టు మూతి తిప్పుతది. మా అత్త అలిగితే ఎట్లుంటదో నాకు తెల్వదా? మూడేండ్ల సంది చూస్తున్న.

అప్పటికి నా బిడ్డ రోజ పుట్టి నాలుగు నెల్లు. పిల్ల గుడ్డలు ఆరేద్దామని కంప కాడికి పోతే, ఒక పాత చీర కింద మడతలు పెట్టిన గుడ్డపేలికలు ఆరేసి ఉన్నయి. నావి కావు, పిల్లవి కావు. అత్తకు నెలసరి ఆగి రెండేండ్లాయె.

"అత్తా, గివేంది?"

"నాకేం ఎరుక? కాకులేసినయేమో."

"కాకులు మడతలు పెట్టి ఆరేస్తయా?"

ఆమెకు ఫక్కున నవ్వొచ్చింది. నవ్వంగనే కాళ్లు రెండు దగ్గరికి పెట్టుకొని, ఉన్నకాడనే కూలవడ్డట్టు కూసున్నది. మొఖంల నవ్వు పోయింది. చీర కుచ్చిళ్లు తడిసినయి. నేను చూసిన. నేను చూసిన అని ఆమె గూడ చూసింది.

"తుమ్మితే పడ్తది" అన్నది కంప దిక్కు చూసుకుంట. "దగ్గితే పడ్తది. బిందె ఎత్తితే పడ్తది. పొద్దుగూకే వరకు కింద ఏదో జారినట్టు, గుడ్డు ఇరుక్కున్నట్టు ఉంటది. పాట మీదికి పోయిన కాడ అయితే..." ఆగింది. "ఏసయ్య ముందట చాప తడుపుమంటవానే?"

ఎన్ని ఐతారాలు ఆమె తడిసిన చీర మీదనే ఇంటిదాంక నడిచొచ్చిందో, మేమంత ముందట ముచ్చట్లు పెట్టుకుంట నడిచినమో.

పిల్లకు టీకా ఏపిచ్చేతందుకు నారాయణఖేడ్ పోయినప్పుడు అత్తను గూడ తోల్కపోయిన. మిషనోళ్ల చిన్న దవాఖాన ఒకటుండె. అక్కడికి నెలకొక్క బేస్తారం రుక్సానా అనే ఆమె హైదరాబాదు నుంచి బస్సుల వచ్చేది. డిపో కాడ బట్టలు కుట్టే షఫీయుద్దీన్ బిడ్డ. ఫిజియోథెరపీ సదివింది. ఫిజియోథెరపీ అంటే కాలు ఇరిగినోళ్లను నడిపించుడు అనుకున్న నేను. ఈ పిల్ల మాత్రం ఆడోళ్ల కింది బాధలకే మందు లేని వైద్యం చేస్తదట. బల్లల మీద కూసున్న ఆడోళ్ల నడుమకొచ్చి, "దగ్గితే, తుమ్మితే ఎవలికన్న తడుస్తదా?" అని గట్టిగనే అడిగింది. అందరు నేల చూసిండ్రు. అట్ల నేల చూసినోళ్లందర్ని ఒకలెంట ఒకల్ని లోపలికి పిలిచింది.

మా అత్త పోంగనే, "నువ్వు షఫీయుద్దీన్ బిడ్డవా? మీ నాయిన నా జాకెట్టు సంకల కాడ టైటు కుట్టిండు, చెప్పు" అన్నది. భయమైనప్పుడు మా అత్త గిట్లనే కయ్యం తీస్తది.

రుక్సానా నవ్వింది. బొమ్మ గీసి చూపెట్టలే. నా కొంగు పట్టుకొని రెండు చేతుల నడుమ తొట్టెల గుడ్డ తీరు పరిచింది. "అవ్వా, మన కింద గిట్ల కండలుంటయి. గర్భసంచి, ఉచ్చ సంచి, అన్ని దీని మీదనే కూసుంటయి. కాన్పులకు, మోతలకు ఈ గుడ్డ సాగుతది. నీది సాగింది. గర్భసంచి కొంచెమే జారింది. దాన్ని తీసే పని లేదు. గుడ్డను మళ్ల గట్టి చేస్తే చాలు."

"మందా, సూదా?"

"ఏం లేదు. ఉచ్చ పోసేటప్పుడు నడుమల ఆపుతరు చూడు, గట్ల లోపలికి, పైకి గుంజాలె. పట్టాలె. ఇడవాలె. మూడు నెల్లు దినాం చెయ్యి. బరువులు ఎత్తకు."

ఆటోల ఎనుకకు వస్తుంటే అత్త ఒకటే తీరు గులిగింది. "గిందుకా పట్నం పోయి సదివింది? ఆపుడేనా? ఆపుడు నాకు రాదా?"

అక్కడనే తప్పు జరిగింది. ఎవలి తప్పు అంటే నాకు ఇప్పటికి తెల్వది. మా దిక్కు ఆడోళ్లు తెల్లారకముందు ఒకసారి పోతరు, పొద్దుగూకినంక ఒకసారి పోతరు. ఇంట్ల మరుగుదొడ్డి ఎవలికుండె అప్పుడు? నడుమల వస్తే ఆపుకోవాలె. చెలకల మొగోళ్లున్నరంటే ఆపుకోవాలె, పెండ్లికి పోతే ఆపుకోవాలె, బస్సు ఎక్కితే ఆపుకోవాలె. ఆరేడేండ్ల పోరిగున్నప్పటి సంది నేర్చిన ఇద్దె అది. రుక్సానా "ఆపినట్టు" అన్నది. మా అత్త ఆపింది.

పొద్దుగాల పత్తికి పోతే మాపటిదాంక ఆపుతుండె. మంచినీళ్లు బంద్ పెట్టింది, ఇంకింత సేపు ఆగొచ్చని. అందరు కంప చాటుకు పోతుంటే ఆమె మాత్రం పత్తి ఏరుకుంట, నా దిక్కు చూసి కన్ను కొట్టేది. "నేను పోలే చూడు" అని సంబురం. నేను గూడ శబాష్ అన్న. నాకేం తెలుసు?

ఒకనాడు చెలకలనే చలిజ్వరమొచ్చింది. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. ఉచ్చకు కూసుంటే మంట, నిప్పులు పోసినట్టు. మా మామ గాబరా అయి చంద్రప్పను పిలుచుకొచ్చిండు. చంద్రప్ప మా ఊరి డాక్టరు. సదివిన డాక్టరు కాదు, సంచిల సూదులు, గోలీలు ఏసుకొని తిరిగేటోడు. మంచోడే. పిలిస్తే వానలనన్న వస్తడు. రెండు సూదులిచ్చిండు, జ్వరం దిగింది. కానీ ఎందుకొచ్చింది, ఎట్లొచ్చింది అని అడిగి అడిగి కింద జారిన ముచ్చట బయటికి గుంజిండు. మా మామకు, నా మొగనికి అప్పుడే తెలిసింది.

"గర్భసంచి పాడైంది" అన్నడు చంద్రప్ప. "పిల్లలు అయిపాయిరి, ఇగ అది ఎందుకు? ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అయితది. పట్నం తొవ్వల ప్రైవేటు దవాఖాన ఉన్నది. కార్డు ఉంటే ఫ్రీ. జీపు ఆళ్లదే. నేనే దగ్గరుండి తోల్కపోత."

ఆ క్యాన్సర్ అన్న మాట మా ఇంట్ల చొచ్చింది, ఇగ ఎల్లలే. మా మామ అన్నం కాడ తల పట్టుకొని కూసుండేటోడు. నెహెమ్యా నా మీద లేచిండు. "కండలు గుంజుకుంట కూసుంటే క్యాన్సర్ పోతదా? కోస్తే గద పోయేది!"

"రుక్సానా క్యాన్సర్ అననేలే" అన్న నేను.

"ఆమె డాక్టరా?"

"చంద్రప్ప డాక్టరా?"

అంతే, రెండు దినాలు మాట్లాడుకోలే మేము.

మళ్ల బేస్తారం రాంగనే అత్తను ఈడ్చుకపోయిన. జరిగిందంత ఇని రుక్సానా నొసలు కొట్టుకున్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నవ్వు గూడ వస్తున్నది పాపం. "తప్పు నాది. పట్నపోళ్లకు చెప్పినట్టే మీకు చెప్పిన. అవ్వా, ఉచ్చ ఎప్పుడు ఆపకు. వస్తే పో. నీళ్లు తాగు. ఉచ్చ సంచి ఖాళీ ఉన్నప్పుడే గుంజాలె." తలుపేసింది. చేతికి తొడుగు ఏసుకొని, అత్తను పండుకోబెట్టి లోపల చూసుకుంట, "నా వేలు పట్టు అవ్వా, లోపలి నుంచి. ఆఁ, గదే. పిర్రలు కాదు, పొట్ట కాదు. గదే!" అన్నది. నేను పిల్లను ఎత్తుకొని గోడ దిక్కు తిరిగి నిలవడ్డ.

"ఊపిరి ఆపుతున్నవు" అన్నది రుక్సానా. "ఊపిరి ఆపితే ఒత్తిడంత కిందికే పోతది. ఏదన్న మాట్లాడుకుంట చెయ్యి."

"ఏం మాట్లాడాలె?"

"మా అత్త పాట పాడ్తది" అన్న నేను గోడ దిక్కు నుంచే.

అట్ల కుదిరింది. "చలిపొద్దుల పుట్టినోడే" అని పాడినంత సేపు ఇడువు. "చేతులార ఎత్తుకోండ్రే" అని మీదికి పోయినంత సేపు గుంజి పట్టు. పాడితే ఊపిరి ఆగదు. ఎక్కడ తడుస్తదో అక్కడనే కండ గట్టిపడుతది. దవాఖాన గదిల మా అత్త చిన్నగ పాడింది, ఎన్ని దినాలకో. రుక్సానా మొఖం చూడాలె అప్పుడు, ఆమెనే గెలిచినట్టు.

అత్త చీర సవరిచ్చుకున్నంక రుక్సానా పత్తి ఏరుడు గురించి అడిగింది. మా దిక్కు పత్తి ఏరేటోళ్లు ఒడి కట్టుకుంటరు. చీర గుడ్డను నడుముకు గుంజి కట్టి, సంచి తీరు ముందట ఏలాడేసుకొని పత్తి అండ్ల ఏస్తరు. నిండుతున్నకొద్ది పొట్టను కిందికి గుంజుతది. "నడుముకు కట్టకు, బుజానికి ఏసుకో. నిండకముందే గుమ్మరియ్యి" అన్నది. మా ఎంట వచ్చి బయట బల్ల మీద కూసున్న మా మామకు గూడ చేతులు జోడించి చెప్పింది. "పెద్దయ్యా, నీళ్ల బిందె, కట్టెల మోపు, పత్తి మూట, మూడు నెల్లు అవ్వతోని ఎత్తనియ్యకు. ఆపరేషన్ అక్కర పడది."

"సరే బిడ్డా" అన్నడు మామ. దొంగ సరే కాదది. మనసుల నుంచే అన్నడు.

తెల్లారి తనే బిందె ఎత్తుకొని బోరింగు కాడికి పోయిండు. అక్కడున్న ఆడోళ్లు మొగోళ్లు పడి పడి నవ్విండ్రు. "హన్నమ్మా, మీ ఆయినకు చీర గూడ కట్టియ్యపోయినవా" అన్నరు. రెండోనాడు గూడ పోయిండు. మూడోనాడు సైకిలు చెడిపోయిందన్నడు, బిందెకు సైకిలుకు ఏం సంబంధమో. అత్తనే బిందె తీసుకొని పోయింది. నేను అందుకుందామంటే, "పిల్ల ఏడుస్తుంది చూడు పో" అన్నది.

అయినా తగ్గింది. మోతలు మోసుకుంటనే, రొట్టెలు చేసుకుంట, పత్తి ఏరుకుంట, పాట గొణుక్కుంట చేసింది. బుజానికి ఒడి ఏసుకుంటే, "బడికి పోతున్నవా హన్నమ్మా" అని కైకిలోళ్లు, పత్తి ఏర వచ్చిన కూలోళ్లు, ఎక్కిరిచ్చిండ్రు. "అవు, మీరు గూడ రాండ్రి, రేపు మీకు పనికొస్తది" అన్నది. ఒకనాడు పత్తి సాళ్ల నడుమ నుంచి ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "తుమ్మిన! సుమిత్రా, రెండు సార్లు తుమ్మిన. పడలే!" మేమిద్దరం చెలకల నిలవడి పిచ్చోళ్ల తీరు నవ్వినం. నవ్వినా పడలే. ఆ యేడు మొత్తంల నాకు గుర్తున్న మంచి దినం అదొక్కటే.

గంతల తెలంగాణ లొల్లి లేచింది. రోజు బంద్. అద్దాలు పలుగుతయని డిపోల నుంచి బస్సులు తీస్తలేరు. నేను గూడ తెలంగాణ కావాలన్నదాన్నే, కానీ నాకు ఆ బేస్తారం రుక్సానా గూడ కావాలె. నెహెమ్యా ఫోను నుంచి మాట్లాడిన. "బస్సుల్లేవు సుమిత్రా, వచ్చే వారం చూస్త. అవ్వను గుంజి పట్టుడు ఆపొద్దను, సగం తొవ్వల ఉన్నది" అన్నది. వచ్చే వారం గూడ బంద్. ఇక్కడేమో పత్తి రెండో ఏరుడు మీదికొచ్చింది, కైకిలోళ్లు దొరుకుతలేరు. మూటలు కట్టుడు, ఎత్తుడు అంత అత్తనే. కింద మళ్ల జారుతున్నదని నడక చూస్తేనే తెలుస్తున్నది. కాళ్లు ఎడంగ పెట్టి నడుస్తుండె. పాట గొణుగుడు గూడ ఆగింది.

బస్సులు బంద్, బళ్లు బంద్, దుకాణాలు బంద్. దవాఖాన జీపు మాత్రం బంద్ లేదు. చంద్రప్ప ఒకనాడు పొద్దుగాలనే జీపు తెచ్చిండు. లోపల పక్క ఊరోళ్లు నలుగురు ఆడోళ్లు అప్పటికే కూసున్నరు. అండ్ల నా ఈడుది గూడ ఒకతి ఉన్నది.

నేను గడప కాడ అడ్డం నిలవడ్డ. మామ మీద ఒర్రిన, మొగని మీద ఒర్రిన. "సగం తగ్గింది! బంద్ ఎత్తేస్తే ఆమె వస్తది! ఎందుకు కోపిస్తరు?" మామ కండ్లు తుడుచుకుంటుండు. నెహెమ్యా, "అమ్మకేమన్న అయితే నువ్వు తెస్తవా?" అన్నడు. క్యాన్సర్ కాదని నేనెట్ల చూపెట్టాలె? లేనిదాన్ని లేదని ఎట్ల చూపెడ్తరు?

అప్పుడు అత్త నన్ను చెయ్యి పట్టుకొని వంటింట్లకు తీసుకపోయింది. నేను ఎగవోసుకుంటున్న.

"వాళ్లను అనకు" అన్నది. "నేనే పోత అన్న."

"ఎందుకత్తా? క్యాన్సర్ అని భయమా?"

"భయం లేదు. రుక్సానా చెప్పిందే నిజమని నాకు తెలుసు. నా పాణానికి తెల్వదా?" పొయ్యిల కట్టె ఎనుకకు జరిపింది, మంట తగ్గేటట్టు. "మూడు నెల్లు బరువెత్తొద్దన్నది ఆ పిల్ల. ఎవలు ఎత్తనియ్యకుంట ఉన్నరే? మీ మామ రెండు దినాలు ఎత్తిండు. నువ్వు బాలింతవు. నేను లోపల గుంజి పడుతున్నది ఎవలికి కనబడ్తది? పక్కల ఉన్న నీకే కనబడది. కోస్తే కుట్లు కనబడ్తయి. కుట్లు చూస్తే మంచం ఏస్తరు."

పెనం మీది రొట్టె తిప్పుడు మరిచిన నేను.

"నెహెమ్యా పుట్టినప్పుడు మంచం మీద కూసున్న. ఇగ మళ్ల ఎప్పుడు కూసున్ననో నాకే యాదికి లేదు" అన్నది. చేతుల గాజులు తీసి నా చేతుల పెట్టి, రొట్టె మాడుతున్నది చూడు అని చెప్పి, పోయి జీపు ఎక్కింది.

క్రిస్మస్ నాటికి ఇంటికొచ్చింది. మామ కొత్త నవారు తెచ్చి మంచం అల్లిండు. ముంగిట్ల ఎండ తగిలే కాడ ఏసిండ్రు. అబద్ధమెందుకు, మా అత్త ఆ మంచం మీద మహారాణే. మామ తన చేత్తోని బువ్వ తినిపిచ్చిండు. నెహెమ్యా కాళ్లు పిసికిండు. ఊరోళ్లు బన్నులు, అరటిపండ్లు తెచ్చి మంచం చుట్టు కూసొని, "ఎంత కోసిండ్రు, ఎన్ని కుట్లు" అని అడుగుతుంటే అత్త చీర జరిపి పట్టీ చూపెడుతుండె. అందరు అయ్యో అయ్యో అన్నరు. ముప్పై ఏండ్ల మోతకు రాని అయ్యో ఆ పట్టీకి వచ్చింది. బిందెలు, మోపులు, మూటలు నేను ఎత్తుతున్న. పిల్ల నడుమ నడుమ ఏడుస్తుంటది, పాలిచ్చి మళ్ల ఎత్తుతున్న.

పండుగనాడు చర్చి అయినంక పాటలోళ్లంత కీబోర్డు గూడ మోసుకొని మా ముంగిట్లకే వచ్చిండ్రు. "ఎత్తు హన్నమ్మా. పండుకొనే ఎత్తు" అన్నరు. అత్త సంబురంగ గొంతు సవరిచ్చుకున్నది. "చలిపొద్దుల పుట్టినోడే..." బాగనే పోయింది. "చేతులార ఎత్తు" దాంక వచ్చి ఆగింది. అందరు కుట్లు గుంజినయనుకున్నరు. "ఉండనియ్యి, ఉండనియ్యి, నొప్పి లేస్తది" అని వాళ్లే అందుకొని పాడిండ్రు. అత్త నా దిక్కు చూసింది. ఆ చూపు నేను కంప కాడ చూసిన చూపే. నేను పోయి మీద దుప్పటి సరిగ కప్పిన. చెయ్యి పెట్టి చూస్తే కింద పరిచిన గుడ్డ తడిసింది.

జనవరిల రుక్సానా వచ్చింది. అత్త నడవలేదని తెలిసి ఆటో మాట్లాడుకొని మా ఇంటికే వచ్చింది. తలుపేసుకొని చూసి, బయటికొచ్చి, నీళ్ల గోళెం కాడ చేతులు కడుక్కున్నది. కడిగిన చేతులే మళ్ల మళ్ల కడుక్కున్నది.

"గర్భసంచి తీసిండ్రు" అన్నది మెల్లగ. "ఉచ్చ ఆపే కండలకు, దానికి సంబంధం లేదు సుమిత్రా. కండలు గట్లనే ఉన్నయి. కోసినంక ఇంక ఒదులైనయి. పుండు మొత్తం మానినంక మళ్ల మొదటి సంది మొదలు పెట్టాలె. డిసెంబర్ల నేను వచ్చి ఉంటే..."

నాకు మండింది. "వచ్చి ఉంటే ఏం చేస్తుంటివి?"

"గిదే చెప్తుంటి" అన్నది. "బరువెత్తొద్దని చెప్తుంటి."

ఆమె మీద కోపం పెట్టుకోను నాకు మనసొప్పలే. ఆ పిల్ల గూడ ఏం చెయ్యగలుగుతది? గుంజుడు నేర్పుతది, ఇడుసుడు నేర్పుతది. బిందె ఎవలు ఎత్తాలె అన్నది ఆమె చేతుల లేదు. పోతూ పోతూ నన్ను కింది నుంచి మీది దాంక చూసింది. నెత్తి మీద చుట్టగుదురు ఉండె నాకు, పక్కల నిండు బిందె. "నీకు ఏడు నెల్ల పిల్ల గద. ఒకసారి పండుకో, నిన్ను గూడ చూస్త" అన్నది. "నాకేమైంది? నాకు పనున్నది" అన్న.

కందులు కొట్టే దినాలొచ్చినయి. ఆ పొద్దు పప్పుల పోపు ఏస్తున్న. ఎండు మిరపకాయ మాడి ఘాటు లేచింది. అత్త మంచం అప్పటికి ఇంట్లకు మారింది, వంటింటి దర్వాజ ముందటనే. నాకు తుమ్మొచ్చింది. గరిటె అట్లనే పట్టుకొని, కాళ్లు దగ్గరికి పెట్టుకొని తుమ్మిన. ఒకటి, రెండు. తర్వాత ఏం కానట్టు పోపు కలుపుతున్న.

"సుమిత్రా" అన్నది అత్త.

"ఆఁ."

"ఎప్పటి సంది?"

"ఏది?"

"కంప మీద ఆరేసినవి. కాకులేసినయా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నవ్వితే మళ్ల పడ్తదని నవ్వలే. ఏడిస్తే ఎక్కిళ్లొస్తయి, ఎక్కిళ్లకు గూడ పడ్తది, ఏడ్వలే. గరిటె పట్టుకొని నిలవడ్డ.

"ఇటు తిరుగు" అన్నది. "పొయ్యి చిన్నగ చెయ్యి. నిటారుగ నిలవడు. పిర్రలు బిగియ్యకు. నేను పాడ్త. కింద లైనుకు ఇడువు, మీది లైనుకు గుంజి పట్టు. ఊపిరి ఆపకు. నువ్వు గూడ పాడు నాతోని."

"అత్తా, నీకు..."

"నోరు మూస్కొని పాడు."

ఎత్తింది. చలిపొద్దుల పుట్టినోడే. నేను ఇడిసిన. మంచం పట్టె గట్టిగ పట్టుకొని, మెడ నరాలు తేలంగ, మీదికి పోయింది. చేతులార ఎత్తుకోండ్రే. నేను గుంజి పట్టిన. మా ఇంటి రేకులు అదిరినయి. బయట కందులు తూర్పారవడుతున్న మా మామ చాట ఆపి, "అగో, ఇన్నవారా నెహెమ్యా, మీ అమ్మకు అలక పోయింది!" అని సంబురపడ్డడు.

మంచం కింద, నవారు సందుల నుంచి, ఒక్కొక్క చుక్క నేల మీద పడుతున్నది. అత్త దాని దిక్కు చూడలే. నా దిక్కే చూసుకుంట మళ్ల మొదటి నుంచి ఎత్తింది.